రెడ్ డాట్ ఎంత ఎత్తులో ఉండాలి? మౌంట్ కొనేముందు మెడ కొలుచుకునే పద్ధతి

రెడ్ డాట్ అంటే గురి కోసం అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైటు, మౌంట్ అంటే దాన్ని రైఫిల్ మీద ఎత్తులో నిలిపే ఆధారం. నా ఏఆర్-15 రైఫిల్ మీద మూడేళ్లలో మూడు మౌంట్లు మారాయి. మొదటిది రెడ్ డాట్‌తో పాటు పెట్టెలో వచ్చింది, 1.42 అంగుళాలది. దానితో నిలబడి కాల్చిన ప్రతిసారీ తల వంచి స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద పెట్టాల్సి వచ్చేది. గంట గడిచేసరికి మెడ పట్టేసేది, కళ్లజోడు పై అంచు వచ్చి సరిగ్గా చుక్కకి అడ్డం పడేది. రెండోది అందరూ మెచ్చుకుంటున్నారని కొన్న 2.26 అంగుళాలది. మెడకి హాయిగానే ఉంది కానీ, పడుకుని కాల్చేటప్పుడు చెంప ఆనడానికి చోటు దొరక్క తల గాల్లోనే ఉండిపోయింది. మూడోది 1.93. అప్పటి నుంచి మళ్లీ మార్చే అవసరం రాలేదు. మొదటి రోజే రెండు అట్టముక్కలు, ఒక స్కేలు ముందేసుకుని పావుగంట కూర్చుని ఉంటే నేరుగా ఈ మూడోదే కొనేవాణ్ణి. ఆ పావుగంటలో ఏం చేయాలో, ఆ తర్వాత ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది టెక్సాస్‌లో. ఇది ఇక్కడ చట్టబద్ధంగా రైఫిల్ కొనుక్కుని రేంజ్‌లోనో పోటీల్లోనో కాల్చే మనవాళ్ల కోసం. ముందుగా ఒక్క హెచ్చరిక. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చడం కూడా దీని కిందకే వస్తుంది. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి రాష్ట్రాల నియమాలు అదనం. స్నేహితుడు పిలిచాడని వెళ్లి వీసా మీదకి తెచ్చుకోవద్దు, ముందు లాయర్‌ని అడగండి.

ఎత్తు అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి?

మౌంట్ అట్టపెట్టె మీద 1.57 అనో 1.93 అనో ఉంటుంది. రైఫిల్ మీది పికటినీ రెయిల్ (సైట్లు బిగించే గాళ్ల పట్టీ) పైభాగం నుంచి రెడ్ డాట్ అద్దం నడిమధ్య వరకూ ఉన్న దూరం అది. ఈ రెయిల్ కొలతలని అమెరికా సైన్యం 1995లో మిల్-స్టాండర్డ్ 1913 పేరుతో ఖాయం చేసింది. అందుకే ఏ కంపెనీ మౌంట్ అయినా ఏ కంపెనీ రైఫిల్ మీదైనా కూర్చుంటుంది, ఆ అంకెకి అన్నిచోట్లా ఒకే అర్థం ఉంటుంది.

కొందరు అమ్మకందార్లు మాత్రం అద్దం మధ్యకి కాకుండా, కింద పెట్టే దిమ్మ మందాన్ని మాత్రమే రాస్తారు. దిమ్మ ఒక అంగుళం అంటే చుక్క ఒక అంగుళం ఎత్తులో ఉంటుందని అనుకోకండి. సైటు సొంత ఎత్తు దాని మీద కలుస్తుంది. వివరాల్లో "రెయిల్ నుంచి అద్దం మధ్యకి" అని స్పష్టంగా లేకపోతే అడిగి తెలుసుకుని కొనండి.

ఇంకో కొలత కూడా గుర్తుంచుకోవాలి. బ్యారెల్ నడిమధ్య నుంచి అద్దం నడిమధ్యకి ఎంత అనేది. ఏఆర్-15 మీద బ్యారెల్ మధ్య నుంచి రెయిల్ పైభాగానికి సుమారు 1.2 అంగుళాలు. అంటే 1.42 మౌంట్ వేస్తే చుక్క బ్యారెల్‌కి 2.6 అంగుళాల పైన ఉంటుంది. 1.93 వేస్తే 3.1, 2.26 వేస్తే దాదాపు మూడున్నర. మొదటి కొలత మెడకి, రెండోది తూటాకి సంబంధించింది.

ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇది తెలిస్తే సగం అయోమయం పోతుంది.

పాత వేట రైఫిళ్ల స్టాక్ వెనక్కి వెళ్లేకొద్దీ కిందకి వాలి ఉంటుంది. ఏఆర్ వంశం అలా కాదు. స్టాక్ బ్యారెల్‌కి సరిగ్గా వెనక, ఒకే గీత మీద ఉంటుంది. కాల్చినప్పుడు వచ్చే దెబ్బ నేరుగా భుజంలోకి పోతుంది కాబట్టి మూతి పైకి ఎగరడం తగ్గుతుంది. కాకపోతే స్టాక్ అంత పైన ఉన్నందువల్ల కన్ను బ్యారెల్‌కి చాలా ఎగువకి వెళ్లిపోతుంది. అందుకే ఏఆర్ సైనిక రూపమైన తొలి ఎం16 మీద వెనక సైటుని రైఫిల్ మోసే పిడి పైన పెట్టారు, ముందు సైటుని ఎత్తయిన స్తంభం మీద నిలబెట్టారు.

తర్వాత పిడి పోయి చదును రెయిల్ వచ్చింది, ముందు స్తంభం మాత్రం చాలా రైఫిళ్ల మీద అలాగే ఉండిపోయింది. దాని మొనకి సరితూగేలా రెడ్ డాట్ పెట్టాలంటే అద్దం మధ్య రెయిల్‌కి 1.4 అంగుళాల పైన రావాలి. బ్యాటరీ అయిపోయినా అదే అద్దంలోంచి ఐరన్ సైట్లతో, అంటే రైఫిల్ మీది మామూలు లోహపు సైట్లతో, గురి పెట్టొచ్చు. దీన్నే ఆబ్సల్యూట్ కో-విట్నెస్ అంటారు. అంటే 1.42 అనే అంకె పుట్టింది స్తంభం ఎత్తుకి సరిపోవడానికి. ఎవరి మెడనీ కొలిచి పెట్టింది కాదు.

ఎప్పుడూ ఆ స్తంభం చుక్క నడిమధ్యనే కనపడుతుంటే చిరాకు కదా. అందుకని అద్దాన్ని కొంచెం పైకెత్తి, ఐరన్ సైట్లు అద్దంలో కింది మూడో వంతులో ఉండేలా చేశారు. అదే లోయర్ థర్డ్, 1.53 నుంచి 1.7 అంగుళాల దాకా. స్వీడన్‌కి చెందిన ఎయిమ్‌పాయింట్ తన మైక్రో సైట్లకి అమ్మే 39 మిల్లీమీటర్ల మౌంట్ ఈ జాతిదే. ఈఓటెక్‌లో ఎక్స్‌పీఎస్ మోడల్ మొదటి రకం. ఈఎక్స్‌పీఎస్‌కి 7 మిల్లీమీటర్ల ఎత్తు దిమ్మ కంపెనీయే కలిపి ఇస్తుంది కాబట్టి అది రెండో రకం.

1.93, 2.26 కథ పూర్తిగా వేరు. హెల్మెట్, పెద్ద చెవి కప్పులు, రాత్రి చూపు గాగుల్స్ పెట్టుకున్నవాళ్లు తల వంచి చెంప ఆనించలేరు. వాళ్ల తల నిటారుగా ఉండగానే చుక్క కంటి ముందుకి రావాలని పుట్టినవి ఇవి. యూనిటీ టాక్టికల్ వాళ్ల ఫాస్ట్ మౌంట్ 2.26 ఎత్తుని బాగా జనంలోకి తెచ్చింది. తర్వాత హెల్మెట్ లేనివాళ్లు కూడా మెడకి సుఖంగా ఉందని వాడటం మొదలుపెట్టారు. సుఖం నిజమే. ఎవరికి, ఏ భంగిమలో అన్నదే చూసుకోవాలి.

మొదటి మెట్టు: ముందు స్టాక్ చూడండి

పైన చెప్పిన అంకెలన్నీ ఏఆర్ లాంటి తిన్నని స్టాక్‌కే. ఏకే మీదో, రూగర్ 10/22 మీదో, బోల్ట్ రైఫిల్ మీదో ఇవే అంకెలు పెట్టుకుంటే దెబ్బతింటారు. వాటి స్టాక్ కిందకి వాలి ఉంటుంది, చెంప ఆనే చోటు పొట్టి ఐరన్ సైట్ల కోసం చేసింది. అలాంటి రైఫిల్ మీద 1.93 వేస్తే గడ్డం కూడా ఆనదు. వాటికి నా సలహా ఒక్కటే, దొరికినంతలో అన్నిటికంటే పొట్టి మౌంట్ కొనండి. మైక్రో సైట్లతో పాటు చాలాసార్లు రెండు దిమ్మలు వస్తాయి, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. ఆ పొట్టిది ఇలాంటి వాటికే.

ఏఆర్ స్టాక్ ఉన్న 9 ఎంఎం కార్బైన్ అయితే ఏఆర్ లెక్కే చూసుకోవచ్చు. చెంపదిమ్మ పైకీ కిందకీ జరిగే స్టాక్ ఉన్నవాళ్లది అదృష్టం. మౌంట్ పావు అంగుళం ఎక్కువైనా దిమ్మ పైకి జరుపుకుని సర్దుకోవచ్చు.

స్టాక్ పొడవు కూడా ఇప్పుడే ఖాయం చేసుకోండి. స్టాక్‌ని లోపలికి తోస్తే తల నిటారుగా నిలుస్తుంది, కన్ను పైకి పోతుంది. బయటికి లాగితే మెడ ముందుకి సాగుతుంది, కన్ను కిందకి దిగుతుంది. పొడవు మారిస్తే తర్వాత తీసుకునే కొలతలన్నీ మారిపోతాయి.

రెండో మెట్టు: అట్టముక్కలతో కొలవడం

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. తొందరపడకండి.

మ్యాగజైన్ తీసేయండి. బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి. ఇంట్లో ఉన్న తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. పిల్లలున్న ఇల్లయితే వాళ్లు నిద్రపోయాక మొదలుపెట్టండి. రైఫిల్ ఖాళీదని తెలిసినా మూతి గట్టి గోడ వైపే ఉండాలి, వేలు ట్రిగర్ మీదకి పోకూడదు.

పార్శిల్ పెట్టెలోంచి మందపాటి అట్టముక్కలు రెండు కత్తిరించండి. ఒకటి అంగుళం వెడల్పు, రెండోది రెండంగుళాలు. ఎత్తు మూడంగుళాలు చాలు. రెండిటి మీదా అడుగు అంచు నుంచి స్కేలుతో 1.42, 1.57, 1.93, 2.26 అంగుళాల దగ్గర గుర్తులు పెట్టండి. మిల్లీమీటర్లలో కావాలంటే 36, 40, 49, 57. సన్నటి ముక్కకి ఆ నాలుగు గుర్తుల దగ్గరా అంచులో చిన్న వీ ఆకారం గాట్లు కొయ్యండి. వెడల్పు ముక్క మీద నాలుగు గుర్తుల్లోనూ నాలుగు రంగుల్లో అడ్డంగా గీతలు గీయండి. ఏ ఎత్తుకి ఏ రంగో గాటు పక్కన కూడా రాసుకోండి.

గాట్ల ముక్కని రిసీవర్ (బోల్ట్ ఉండే నడిమి భాగం) వెనక భాగంలో రెయిల్ మీద నిలబెట్టి టేపు వేయండి. గీతల ముక్కని ముందు, హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ ఉండే చేతిపట్టు) చివర నిలబెట్టండి. రెండూ రెయిల్ పైభాగానికి ఆనాలి, గాళ్లలోకి దిగిపోకూడదు. ఇప్పుడు గాటులోంచి చూస్తే ముందున్న ముక్క మీది గీత కనపడుతుంది.

ఇక్కడి నుంచి నిజాయితీగా చేయాలి. కళ్లు మూసుకోండి. రైఫిల్‌ని మీకు సహజంగా వచ్చినట్టు భుజానికి ఎత్తండి. చెంప ఎక్కడ ఆనితే అక్కడ ఆనించి, మెడని వదులు చేసి, ఒక్క శ్వాస తీసుకుని కళ్లు తెరవండి. ఏ గాటులోంచి చూస్తే అదే రంగు గీత సరిగ్గా మధ్యలో కనపడుతోందో, అదే మీ కంటి ఎత్తు. కన్ను గాటు కంటే పైన ఉంటే గీత బదులు దాని కింద ఉన్న ఖాళీ అట్ట కనపడుతుంది, కింద ఉంటే గీతకి పైన ఉన్న భాగం కనపడుతుంది. రెండు ముక్కల మధ్య అడుగు దూరం ఉంటే చిన్న తేడా కూడా పెద్దగా తెలుస్తుంది. కళ్లు తెరిచాక తల సర్దుకున్నారా, ఆ కొలత లెక్కలోకి రాదు. మళ్లీ మొదటి నుంచి చేయండి.

నిలబడి ఐదుసార్లు, మోకాలి మీద ఐదుసార్లు, బల్ల మీద ఆనించి ఐదుసార్లు, పడుకుని ఐదుసార్లు చేసి కాగితం మీద రాసుకోండి. కళ్లజోడుంటే పెట్టుకునే చేయండి. చెవులకి పెద్ద కప్పులు వాడేవాళ్లు అవి పెట్టుకోండి, చలికాలం కోటు వేసుకుని కాల్చేవాళ్లు కోటు వేసుకోండి. నా కాగితం మీద నిలబడ్డప్పుడు 1.93, బల్ల దగ్గర 1.93కి కొంచెం కింద, పడుకున్నప్పుడు 1.57 వచ్చాయి. అందరికీ దాదాపు ఇదే వరస వస్తుంది, నిలబడ్డప్పుడు ఎక్కువ, పడుకున్నప్పుడు తక్కువ. ఎందుకంటే పడుకున్నప్పుడు తల పైకెత్తి ముందుకి చూడాలి, అప్పటికే వెనక్కి వంగిన మెడ ఇంకా పైకి లేవనంటుంది.

పక్క నుంచి ఎవరితోనైనా ఫోన్‌లో ఒక ఫొటో తీయించుకోండి. తల పక్కకి వాలిందా, గడ్డం ముందుకి పొడుచుకొచ్చిందా, భుజం చెవి దాకా ఎక్కిందా అన్నవి మనకి తెలియకుండా జరిగేవి. అవి ఫొటోలో బయటపడతాయి.

ఒకే పొడవున్న ఇద్దరికి ఒకే ఎత్తు సరిపోదు. ముఖ్యం మనిషి పొడవు కాదు. దవడ ఎముక నుంచి కంటిపాప దాకా ఎంత ఉంది, మెడ ఎంత పొడుగు, భుజం గుంట ఎక్కడుంది అన్నవే తేల్చేది. మా బావమరిది నాకంటే మూడంగుళాలు పొట్టి, అయినా వాడికి నిలబడ్డప్పుడు 1.93 దాటి వచ్చింది. వాడి మాట విని నేను, నా మాట విని వాడు కొని ఉంటే ఇద్దరమూ నష్టపోయేవాళ్లం.

మూడో మెట్టు: అంకెల మధ్య పడితే

చాలామందికి కొలత సరిగ్గా గాటు మీద పడదు. కంగారు పడక్కర్లేదు. రెడ్ డాట్‌లో ఉన్న గొప్పదనమే అది. కన్ను అద్దం నడిమధ్యకి కొంచెం పక్కన ఉన్నా చుక్క లక్ష్యం మీదే ఉంటుంది. దూరబీన్ లాంటి స్కోప్‌లా తల అటూ ఇటూ అయితే నల్లబడిపోదు. ఎయిమ్‌పాయింట్ మైక్రో టీ-2 అద్దం 18 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకి 9 మిల్లీమీటర్లు. కంటి ఎత్తుకీ మౌంట్‌కీ నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఉంటే సర్దుకుపోవచ్చు. అలాగని చుక్కని అద్దం అంచులో పెట్టుకుని కాల్చడం అలవాటు చేసుకోవద్దు. ఏ సైటులోనైనా కాస్త పారలాక్స్ (తల కదిలితే చుక్క లక్ష్యం మీద నుంచి జరగడం) ఉంటుంది, అది అంచుల దగ్గరే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మధ్యలో పడినవాళ్లు ఎక్కువగా ఎలా కాలుస్తారో చూసుకుని తేల్చుకోండి. నిలబడి, పరిగెత్తి కాల్చే పోటీలు ఎక్కువైతే పై అంకె. బల్ల మీద, పడుకుని కాల్చేది ఎక్కువైతే కింది అంకె. రెండూ సమానమైతే నేను కింది దాని వైపే మొగ్గుతాను. నిలబడినప్పుడు తల కొంచెం దించడం తేలిక, పడుకున్నప్పుడు తల గాల్లో నిలపడం కష్టం. చెంప ఆనకుండా గడ్డం మాత్రమే ఆనినప్పుడు ప్రతిసారీ తల ఒకే చోటికి రాదు, దూరం పెరిగేకొద్దీ ఆ తేడా టార్గెట్ మీద కనపడుతుంది.

కళ్లజోడు వాళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నేనూ వాళ్లలో ఒకణ్ణి. తల వంచి పైకి చూసినప్పుడు చూపు కళ్లద్దం పై అంచులోంచి పోతుంది. అద్దం పవరు సరిగ్గా పనిచేసేది మధ్యలో, అంచులో బొమ్మ చెదురుతుంది. ఫ్రేము పైగీత కూడా అడ్డం వస్తుంది. నలభై దాటి ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లకి ఇంకా తెలుస్తుంది. తల నిటారుగా ఉంచే మౌంట్ వేస్తే ఈ బాధ చాలామటుకు పోతుంది. చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలా, ద్రాక్షగుత్తిలా కనపడుతుంటే మాత్రం అది ఎత్తు తప్పు కాదు, ఆస్టిగ్మాటిజం అనే కంటి లోపం. ఫోన్ కెమెరాతో అద్దంలోంచి ఫొటో తీయండి. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉంటే సైటు బాగానే ఉంది, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మనవైపు రైఫిల్ షూటింగ్ నేర్చుకుని వచ్చినవాళ్లకి ఈ ఆలోచన కొత్త కాదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆటలో రెడ్ డాట్లు ఉండవు, రంధ్రం సైట్లే. కానీ ఆ ఆటలోనూ సైట్ల కింద రైజర్ దిమ్మలు పెట్టి, తల నిటారుగా ఉండేలా సైటునే కంటి దగ్గరికి తెచ్చుకుంటారు.

నాలుగో మెట్టు: ఇంకేం బిగిస్తారో చూడండి

మడత ఐరన్ సైట్లు ఉంటే, 1.42లో అవి చుక్కతో కలుస్తాయి, 1.57లో కింది భాగంలో ఉంటాయి. 1.93 దాటాక మైక్రో సైటు అద్దంలోంచి మామూలు ఎత్తు ఐరన్ సైట్లు దాదాపు పనికిరావు. వాటి మీద ఆధారపడేవాళ్లు ఎత్తు పెంచేముందు ఇది ఆలోచించాలి. స్థిరమైన ముందు స్తంభం ఉన్న రైఫిల్ అయితే తిరగబడుతుంది, ఎత్తు పెరిగితే ఆ స్తంభం చూపుకి అడ్డం తొలగిపోతుంది.

చుక్క వెనక మాగ్నిఫయర్ (లక్ష్యాన్ని పెద్దది చేసి చూపే అద్దం) పెట్టే ఆలోచన ఉంటే దాని మౌంట్ కూడా అదే ఎత్తుది దొరకాలి. 1.42, 1.57, 2.26కి తేలిగ్గా దొరుకుతాయి, మధ్య ఎత్తులకి వెతుక్కోవాలి. రెండిటినీ కలిపి ధర చూసుకోండి.

మీ సైటు అడుగు భాగం ఏ రకమో కూడా చూడండి. ఎయిమ్‌పాయింట్ మైక్రో రకం అడుగు చాలామంది వాడతారు, హోలోసన్ 403, 503, సిగ్ రోమియో5 అన్నీ అదే రకం కాబట్టి మౌంట్ మార్చడం తేలిక. ట్రిజికాన్ ఎంఆర్ఓ అడుగు వేరు, ఎయిమ్‌పాయింట్ యాక్రో అడుగు వేరు.

ఐదో మెట్టు: ఎత్తు పెరిగితే తూటాకి ఏమవుతుంది?

కన్ను పైన, బ్యారెల్ కింద. రెండు గీతలూ జీరో చేసిన దూరంలో, అంటే చుక్క పెట్టినచోటే తూటా తగిలేలా సైటుని సర్దుకున్న దూరంలో, కలుస్తాయి. అంతకంటే దగ్గర్లో తూటా చుక్కకి కింద తగులుతుంది. ఎత్తు పెంచితే ఆ తేడా ఎంత పెరుగుతుందో చిన్న లెక్కతో చెప్పొచ్చు, బాలిస్టిక్ యాప్ అక్కర్లేదు.

మౌంట్ల ఎత్తు తేడాని, దూరాన్ని జీరో దూరంతో భాగించి ఒకటి తీసేసిన దానితో హెచ్చవేయండి. 1.42 నుంచి 1.93కి మారితే తేడా 0.51 అంగుళం. 50 గజాల జీరో అనుకుందాం. 10 గజాల దగ్గర 10ని 50తో భాగిస్తే 0.2, ఒకటి తీసేస్తే మైనస్ 0.8. దాన్ని 0.51తో హెచ్చవేస్తే మైనస్ 0.41. అంటే మునుపటి కంటే 0.4 అంగుళం కింద తగులుతుంది. 100 గజాల దగ్గర అర అంగుళం పైన, 200 దగ్గర ఒకటిన్నర అంగుళం పైన.

మామూలు 55 గ్రెయిన్ల 5.56 తూటాకి, 50 గజాల జీరోతో, 10 గజాల దగ్గర చుక్కకి ఎంత కింద పడుతుందంటే, 1.42 మౌంట్‌తో సుమారు 2 అంగుళాలు, 1.93తో 2.4, 2.26తో 2.7. పొట్టి మౌంట్ వేసినా రెండంగుళాలు కింద పడక తప్పదు. ఎత్తు మౌంట్ దానికి కలిపేది అర అంగుళం పైచిలుకే. "పొడుగు మౌంట్ వేస్తే దగ్గర్లో గురి తప్పుతుంది" అని భయపెట్టేవాళ్లు ఈ లెక్క వేసి చూడాలి. దగ్గర్లో చుక్కని పైకి పట్టడం ఏ మౌంట్‌తోనైనా నేర్చుకోవాల్సిందే.

నాకు అసలు పట్టింపు దూరం వైపు. 50 గజాల జీరో పెట్టుకుంటే 200 దగ్గర మళ్లీ కలుస్తుందని అందరూ చెప్పుకునే మాట 2.6 అంగుళాల ఎత్తుకి దాదాపు నిజం. 2.26 మౌంట్ వేస్తే అదే 200 గజాల దగ్గర తూటా రెండున్నర అంగుళాలు అదనంగా పైకి పోతుంది, రెండో కలయిక ఇంకా దూరం జరుగుతుంది. చిన్న ఇనుప పలకలు కాల్చేవాళ్లకి ఇది తెలియాలి. వాళ్లు 100 గజాల జీరో పెట్టుకుంటే మేలు. అప్పుడు 200 దగ్గర ఎత్తు తేడా ఎంతో అంతే పెరుగుతుంది, మూడు రెట్లు కాదు.

ఇంకొకటి, ఇది భద్రత మాట. పోటీల్లో బ్యారికేడ్ మీదుగా కాల్చేటప్పుడు అద్దంలో లక్ష్యం స్పష్టంగా కనపడుతుంది, బ్యారెల్ మూతి మాత్రం మూడున్నర అంగుళాల కింద, చెక్క ఎదురుగా ఉంటుంది. తూటా చెక్కలోకి పోతుంది, లేదా పక్కకి చిమ్ముతుంది. మా రేంజ్‌లో చెక్క పైఅంచుల నిండా ఆ గాయాలే. మౌంట్ ఎత్తు పెంచాక కొన్ని వారాలు ప్రతి అడ్డం దగ్గరా తల పక్కకి తీసి మూతి దాటిందో లేదో చూసుకోండి.

ఆరో మెట్టు: బిగించడం

రెయిల్ నూనె తుడవండి. మౌంట్‌ని గాడిలో పెట్టి, మూతి వైపుకి గట్టిగా నెట్టి పట్టుకుని బిగించండి. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది, సైటు తన బరువుతో ముందుకి పోవాలని చూస్తుంది. ముందే ముందుకి ఆనించి ఉంటే ఇక కదలడానికి చోటుండదు. మౌంట్ మొత్తం రిసీవర్ రెయిల్ మీదే ఉండాలి. సగం రిసీవర్ మీద, సగం హ్యాండ్‌గార్డ్ మీద పడితే ఆ రెండూ వేరువేరుగా కదిలి జీరో పోతుంది.

ఎంత బిగించాలో మౌంట్ కాగితంలో ఇంచ్-పౌండ్లలో ఉంటుంది. టార్క్ రెంచ్ కొనండి, చేతి అంచనా నమ్మొద్దు. సైటుని మౌంట్‌కి కలిపే చిన్న మరలకి నీలం థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క, అదీ కంపెనీ వద్దనకపోతేనే. ఆరాక మర తల మీద నుంచి మౌంట్ మీదకి గోళ్ల రంగుతో సన్నటి గీత గీయండి. గీత తెగితే మర తిరిగిందని అర్థం.

ఏడో మెట్టు: మళ్లీ జీరో

మౌంట్ మారితే పాత జీరో పోయినట్టే. ఎత్తు పెంచి ఉంటే 50 గజాల దగ్గర తూటాలు దాదాపు ఎత్తు తేడా అంత కింద పడతాయి. 0.51 తేడా అంటే సుమారు ఒక ఎంఓఏ (100 గజాలకి దాదాపు ఒక అంగుళం వచ్చే కోణం కొలత), అర ఎంఓఏ క్లిక్కులున్న సైటులో పైకి రెండు క్లిక్కులు. మౌంట్ తయారీలో ఉండే స్వల్ప తేడాల వల్ల పక్కకి కూడా కాస్త జరగొచ్చు. 50 గజాల దగ్గర అర ఎంఓఏ క్లిక్కు పావు అంగుళం జరుపుతుంది, 25 దగ్గర అందులో సగం.

మీ రేంజ్ 25 గజాలే అయితే, అక్కడ చుక్క మీదే తగిలేలా సర్దకండి. 50 గజాల జీరో కావాలంటే 25 దగ్గర 1.42 మౌంట్‌తో 1.2 అంగుళాలు, 1.93తో 1.4, 2.26తో 1.6 అంగుళాలు కింద తగలాలి. కాగితం మీద ముందే గీత గీసుకుని గుంపుని అక్కడికి తీసుకురండి. 50 గజాలు దొరికిన రోజు అసలు దూరంలో సరిచూసుకోండి.

ఐదేసి తూటాల గుంపులు కాల్చండి, మూడు కాల్చి క్లిక్కులు తిప్పడం మొదలెడితే అదృష్టాన్ని వెంటాడటమే అవుతుంది. జీరో కుదిరాక 10, 25, 100 గజాల దగ్గర ఒక్కో గుంపు కాల్చి, చుక్కకి ఎంత కింద, ఎంత పైన పడిందో కొలిచి, చిన్న కాగితం మీద రాసి స్టాక్ పక్కన టేపు వేయండి. నా లెక్కల కంటే మీ రైఫిల్, మీ తూటా ఇచ్చిన అంకెలే మీకు ప్రమాణం. రెండు వందల తూటాలు కాల్చాక గోళ్ల రంగు గీతలు ఒకసారి చూడండి. ఒక్కటి తెగి ఉన్నా మరలు విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, మళ్లీ జీరో చేయండి.